నూనె తాగే రాయికి వెండి గూడు

నేను చేసిన మొదటి ఫిరోజా (ఇంగ్లీషులో టర్కాయిస్) రాయి ఉంగరం మా జేజి వేలికి వెళ్లింది. ఇచ్చిన రోజు ఆ రాయి ఎండాకాలం పొద్దున మబ్బు లేని ఆకాశంలా ఉండింది, ఆరు నెలలు తిరిగేసరికి చెరువు పాచి రంగులోకి దిగిపోయింది. "మొన్న నాకు జరం వచ్చింది గదా నాయనా, అదంతా ఈ రాయే పీల్చుకునింది" అనేది జేజి. నాకు తెలిసినంతలో ఆ రాయి పీల్చుకున్నది ఆముదం. ప్రతి ఆదివారం తలకు పట్టించుకునేటప్పుడు ఆమె ఉంగరం తీసేది కాదు.

ఇంట్లో కూర్చుని వెండిలో ఫిరోజా ఉంగరం ఎలా చేయాలో చెబుదామని ఇది రాస్తున్నా. కానీ ముందు ఒక్క మాట తలకెక్కించుకోండి, మిగతా పనంతా దాని వెంటే నడుస్తుంది: ఫిరోజా తాగే రాయి. కంటికి కనపడని సన్న సన్న రంధ్రాలు దాని నిండా ఉంటాయి, నూనె, చెమట, సెంటు, సబ్బు నీళ్లు ఏది తగిలినా లోపలికి లాగేసుకుంటుంది. రాగి, అల్యూమినియం, ఫాస్ఫేట్ కలిసి, లోపల కొంచెం నీళ్లు కూడా పట్టి ఉంచుకున్న ఖనిజం అది. నీలం రంగు రాగిది, ఇనుము చేరేకొద్దీ పచ్చదనం వస్తుంది. మంట చూపిస్తే ఆ లోపలి నీళ్లు పోయి గోధుమరంగుకు తిరుగుతుంది, ఒక్కోసారి పగులుతుంది. రాళ్ల గట్టిదనాన్ని 1 నుంచి 10 దాకా చెప్పే మోహ్స్ కొలత మీద ఇది 5 నుంచి 6 మధ్యే. మన రోడ్డు దుమ్ములో ఉండే ఇసుక రేణువు 7, అంటే బండి మీద ప్రొద్దుటూరు నుంచి కడపకు పోయొచ్చి ఉంగరాన్ని ప్యాంటుకు తుడిచినా గీత పడొచ్చు.

ఈ రాయికి జనం కట్టిన అర్థాలు కూడా చాలావరకు ఈ తాగే గుణంలోనుంచే పుట్టాయని నా అనుమానం. పారసీకులు దీన్ని విజయం అనే అర్థమున్న మాటతో పిలిచారు, మన ఫిరోజా అక్కడి నుంచి వచ్చిందే, మీ క్లాసులో ఫిరోజ్ అనే పిల్లోడు ఎవడో ఒకడు ఉండే ఉంటాడు, వాడి పేరూ అదే. ఇరాన్‌లోని నిషాపూర్ గనుల రాయికి శతాబ్దాలుగా పేరు. పెట్టుకున్నవాళ్లకు జబ్బు చేసినా, ఆపద వస్తున్నా రాయి రంగు మారి చెబుతుందని అక్కడి నమ్మకం. గుర్రం మీద నుంచి పడకుండా కాస్తుందని కళ్లేలకు కూడా కట్టుకునేవాళ్లు. జ్వరంతో చెమటలు పట్టిన వేలి మీద రాయి రంగు మారడంలో ఆశ్చర్యం ఏముంది చెప్పండి! మా జేజి ఇరాన్ పేరు కూడా విని ఉండదు, అదే ముక్క తనంతట తానే కనిపెట్టింది.

ఈజిప్టువాళ్లు నాలుగు వేల ఏళ్ల కిందటే సినాయ్ కొండల్లో దీన్ని తవ్వారు, హాథోర్ అనే దేవతను ఫిరోజా అమ్మగా కొలిచారు. లడఖ్‌లో ఆడవాళ్లు పెట్టుకునే పెరక్ అనే తలపాగా నాగుపాము పడగలా ఉంటుంది, దాని మీద వరసలు వరసలుగా ఫిరోజాలే, అది తల్లి నుంచి పెద్ద కూతురికి వస్తుంది. అమెరికాలో నవాహో అనే ఆదివాసీలకు తెల్ల గవ్వ, ఫిరోజా, అబలోన్ అనే సముద్రపు చిప్ప, బొగ్గులాంటి నల్లటి జెట్ రాయి అని నాలుగు పవిత్రమైనవి, నాలుగు దిక్కులకు నాలుగు, అందులో ఫిరోజా దక్షిణానిది. వాళ్లుండే ఎడారి చుట్టుపక్కల జనం చాలామంది దీన్ని ఆకాశంతో, వానతో ముడిపెట్టారు. వాన కోసం ఆకాశం వైపు చూసీ చూసీ మెడలు పట్టేసిన రాయలసీమోళ్లకు ఆ సంగతి వేరే విడమరిచి చెప్పాల్సిన పనిలేదు.

మన దగ్గర దీనికి నవరత్నాల్లో చోటు లేదు. మాణిక్యం, ముత్యం, పగడం, మరకతం, పుష్యరాగం, వజ్రం, నీలం, గోమేధికం, వైడూర్యం, అంతే. కాబట్టి "ఇది ఫలానా గ్రహానికి శాస్త్రంలో చెప్పిన రాయి" అని ఎవరైనా గట్టిగా అంటే కొంచెం నవ్వుకుని ఊరుకోండి, ఒకాయన గురువు అంటాడు, ఇంకొకాయన శుక్రుడు అంటాడు. మాకు ఫిరోజా పరిచయమైంది ముస్లిం స్నేహితుల ఇళ్లలో. మగవాళ్లు బంగారం పెట్టుకోరు కాబట్టి వెండి ఉంగరం, అందులో ఫిరోజానో, అకీక్ అనే ఎర్రటి రాయో. కడప పెద్ద దర్గా ఉరుసుకు పోయినప్పుడల్లా చేతులు కలిపితే వేళ్లకు కనిపించేవి అవే.

రాయి కొనడం దగ్గరే ఎక్కువమంది మోసపోతారు. హౌలైట్, మాగ్నసైట్ అనే తెల్ల రాళ్లకు నీలం రంగు వేసి అమ్ముతారు, వాటికీ నల్ల గీతలు ఉంటాయి కాబట్టి గీతలు చూసి నమ్మొద్దు. దూదికి గోళ్ల రంగు తుడిచే అసిటోన్ తడిపి రాయి వెనకవైపు ఒక మూల రుద్దండి, దూదికి నీలం అంటిందంటే రంగేసిందే. అంటకపోయినా అసలుదని గ్యారంటీ లేదు, పొడిని జిగురుతో కలిపి అచ్చు పోసినవి కూడా ఉంటాయి. అవి ఒకదాన్నొకటి అచ్చం పోలి ఉంటాయి, వెనకా ముందూ ఒకే నునుపు. ఇంకో రకం ఉంది, అసలు రాయే కానీ మెత్తగా ఉందని రెసిన్ అనే జిగురు పట్టించి గట్టిపరిచినది. అమ్మేవాడు ఆ మాట చెప్పి అమ్మితే అది మోసం కాదు. కొత్తగా నేర్చుకునేవాళ్లు నిజానికి అదే కొనుక్కోవాలి అంటాను నేను, తాగడం తగ్గుతుంది, చేతిలో విరగదు. అరిజోనాలోని స్లీపింగ్ బ్యూటీ గని రాయి అని చెప్పి ఎక్కువ రేటు అడుగుతారు, అక్కడ ఫిరోజా తవ్వడం 2012లోనే ఆపేశారు, పాత సరుకు దొరకదని కాదు గానీ ప్రతి అంగడిలో ఉండేంత కాదు. తొలకరి పడగానే జొన్నగిరి, వజ్రకరూరు చేలల్లో తల వంచుకుని వజ్రాల కోసం రాళ్లు ఏరే జనాన్ని చూసి పెరిగినవాళ్లం, రాయి విషయంలో ఆశ ఎంత పని చేయిస్తుందో మనకు తెలియంది కాదు.

మొదటిసారికి 10 మిల్లీమీటర్ల వెడల్పు, 14 పొడవు ఉన్న గుడ్డు ఆకారం రాయి తీసుకోండి, పైన ఉబ్బెత్తుగా, కింద చదునుగా ఉండాలి. కింద చదునుగా లేకపోతే బల్ల మీద పెడితే ఊగుతుంది, అలాంటిది వద్దు.

ఇక వెండి. మేలిమి వెండి మరీ మెత్తన, ఉంగరం వంగిపోతుంది. అందుకే నూటికి 92.5 పాళ్ల వెండి, మిగతాది రాగి, అదే 925 అని ముద్ర వేసేది. వేలి చుట్టూ తిరిగే ఉంగరం కడ్డీకీ, రాయి కింద వచ్చే అడుగు రేకుకీ ఇది. రాయి చుట్టూ గూడులా నిలబడే సన్న పట్టీకి మాత్రం మేలిమి వెండే మంచిది, మెత్తగా రాయి మీదికి ఒదుగుతుంది. నవాహో కంసాలులు మొదట్లో డాలర్, పెసో నాణేలు కరిగించి నగలు చేశారట, వాటిలో ఫిరోజా పొదగడం 1880 ప్రాంతంలో మొదలైంది. మన ఇళ్లలో కడియాలకూ గొలుసులకూ పాత రూపాయలు కరిగించినట్టే. అప్పటి రూపాయి 11.66 గ్రాములు, అందులో వెండి నూటికి దాదాపు 92 పాళ్లు, 1940లో దాన్ని సగానికి దించేశారు. ఒక్క రూపాయి బరువుతో ఒక ఉంగరం వస్తుంది. అలాగని జేజి పెట్టెలో ఉన్న బిళ్ల తీసి కరిగించకండి, తన్నులు తింటారు.

ప్రొద్దుటూరులో ఉన్నవాళ్లకు సామాన్లకు ఇబ్బంది లేదు, బంగారం పని చేసే ఊరు కదా. కావలసినవి చిన్న రంపం, ఆకురాళ్లు, కొనలు సన్నగా ఉన్న పట్టకారు, కర్ర సుత్తి, ఉంగరం గుండ్రంగా తిప్పే ఇనుప కడ్డీ, వెలిగారం (బోరాక్స్), మాటు (అతుకు) వేసే వెండి టంకం, పటిక, ఎమరీ కాగితాలు. పాతకాలం ఆచార్లు కుంపటి పెట్టి ఊదుగొట్టంతో మంటను మళ్లించేవాళ్లు, ఆ ఊపిరి మనకు లేదు, చేతిలో పట్టే బ్యూటేన్ గ్యాస్ మంట టార్చ్ చాలు. టంకం కొనేటప్పుడు కాడ్మియం లేనిది అని అడిగి తీసుకోండి. నగల అంగళ్లలో కేడీఎం అని వింటాం చూడండి, అది కాడ్మియం పేరే. దాని పొగ ఊపిరితిత్తులను తినేస్తుంది, ఎన్నో ఏళ్లు ఆ పొగలో కూర్చున్న చేతులవి ఈ నగలన్నీ. కిటికీలు తెరిచి పెట్టుకోండి, కళ్లద్దాలు తప్పనిసరి.

కళ్లద్దాల గురించి ఒక సంగతి. మాటు వేయడానికి చదునైన బండ కావాలని నేను వంటింట్లో మిగిలిన కడప బండ ముక్క వేసుకున్నాను. టార్చ్ పెట్టి నిమిషం కూడా కాలేదు, టప్‌మని పేలి పెచ్చు ఎగిరి అద్దానికి తగిలింది. ఆ బండ సున్నపురాయి, లోపల తేమ ఉంటుంది, మంటకు పొరలు లేస్తుంది. మంట కింద వేడికి తట్టుకునే ఇటుక (ఫైర్ బ్రిక్) గానీ గట్టి బొగ్గు దిమ్మ గానీ పెట్టాలి. కడప బండ వేరే పనికి అమోఘంగా పనికొస్తుంది, దాని మీద ఎమరీ కాగితం పరిచి రుద్దితే ఎంత చదునుగా కావాలంటే అంత చదును వస్తుంది.

పని గూడుతో మొదలు. రాయి చుట్టుకొలత కావాలి: పొడవు, వెడల్పు కలిపి సగం చేస్తే 12, దానికి పట్టీ మందం 0.3 కలిపి 3.14తో హెచ్చవేస్తే 38.6 మిల్లీమీటర్లు. కొంచెం ఎక్కువే కోసి, రాయి చుట్టూ తిప్పి చూసి, ఆకురాయితో తగ్గించుకుంటూ రండి. పట్టీ ఎత్తు రాయి ఉబ్బు లోపలికి తిరిగే చోటు దాటి వెంట్రుకవాసి పైకి ఉంటే చాలు. మరీ ఎత్తుగా ఉంటే రాయి బావిలో పడ్డట్టు ఉంటుంది, తక్కువైతే ఊడిపోతుంది. రెండు కొనలూ చదునుగా అరగదీసి దగ్గరికి చేర్చాక వెలుతురుకు పట్టి చూడండి, సందులోంచి వెలుతురు కనపడితే మాటు నిలవదు. టంకం సందును పూడుస్తుందని అందరూ అనుకుంటారు, పూడ్చదు, కలిసిన చోటే పాకుతుంది.

వెలిగారాన్ని కొన్ని చుక్కల నీళ్లతో పాలలా నూరి అతుకు మీద పూయండి. టంకం ముక్క నువ్వుగింజలో సగం ఉంటే ఎక్కువ. మంటను ముందు దూరంగా తిప్పుతూ ఉంటే వెలిగారం బుసబుసా పొంగి తెల్లగా అటుకుల్లా అవుతుంది, తర్వాత అణిగి గాజులా మెరుస్తుంది, అప్పుడే మంట కొంచెం దగ్గరికి. చూస్తూ చూస్తూ ఉండగానే ఆ ముక్క గుండ్రంగా ముడుచుకుని, ఒక్క క్షణంలో పాదరసంలా మెరిసి అతుకు వెంబడి పరుగు తీస్తుంది. ఆ పరుగు చూడగానే మంట తీసేయాలి. ఇంకో రెండు సెకన్లు ఉంచితే పట్టీ కూడా దాని వెంట పోతుంది, నా మొదటి రెండు గూళ్లు అలాగే ముద్దయ్యాయి. టంకం వేడి ఎటుంటే అటు పోతుంది, కాబట్టి టంకాన్ని కాదు, వెండిని వేడి చేయాలి.

మాటు మూడు సార్లు వేయాలి, మూడు రకాల టంకంతో. గూడు అతుకుకు ఆలస్యంగా కరిగే హార్డ్, గూడును అడుగు రేకుకు అతికేటప్పుడు మీడియం, ఆఖరికి ఉంగరం కడ్డీకి ఈజీ. అన్నిటికీ ఒకే రకం వాడితే రెండోది వేసేటప్పుడు మొదటిది ఊడొచ్చు. గూడును అడుగు రేకు మీద నిలబెట్టే ముందు దాని అంచును కడప బండ మీద పరిచిన ఎమరీ మీద గుండ్రంగా తిప్పుతూ రుద్ది చదును చేసుకోండి. ఇక్కడ మంట గూడు మీద పడకూడదు, సన్నటి పట్టీ ముందు కరుగుతుంది, రేకు చుట్టూ, అంచుల వెంబడి తిప్పండి.

కడ్డీ పొడవు లెక్క సులువు. వేలికి కాగితం చుట్టి, ఆ పొడవును 3.14తో భాగించి లోపలి వ్యాసం తెలుసుకోండి, అది సాయంత్రం పూట చేయండి, మన ఎండలకు పొద్దునకీ సాయంత్రానికీ వేలు ఒకటి కాదు. వ్యాసం 18 మిల్లీమీటర్లు, కడ్డీ మందం 1.5 అనుకుంటే రెండూ కలిపి 3.14తో హెచ్చవేస్తే 61 చిల్లర. ఉంగరం కడ్డీ వెడల్పుగా ఉంటే ఇంకో అర మిల్లీమీటరు వదలండి. గుండ్రంగా తిప్పడానికి ఇనుప కడ్డీ మీద పెట్టి కర్ర సుత్తితో కొట్టేకొద్దీ వెండి గట్టిపడుతుంది, అప్పుడు గది చీకటి చేసి మసక ఎరుపు వచ్చేదాకా కాల్చి నీళ్లలో ముంచితే మళ్లీ మెత్తబడుతుంది.

ప్రతి మాటు తర్వాత వెండి నల్లగా, వెలిగారం గాజు పెంకు కట్టి ఉంటుంది. పింగాణీ గిన్నెలో వేడి నీళ్లు పోసి పటిక కరిగించి అందులో వేసి ఉంచండి, తెల్లగా వస్తుంది. ఇనుప పట్టకారు మాత్రం అందులో పెట్టొద్దు, నీళ్లలో కరిగిన రాగి వెండి మీదికి ఎక్కి గులాబీ రంగు వేస్తుంది. వెదురు పుల్ల వాడండి. తర్వాత కుంకుడుకాయ రసంతో రుద్ది కడిగి, పూర్తిగా ఆరబెట్టండి. పూర్తిగా అన్నాను, గూడులో చుక్క పటిక నీళ్లు మిగిలినా రాయి అది తాగుతుంది.

మెరుగు కూడా రాయి పెట్టకముందే. 400, 600, 1000, 1500 నంబర్ల ఎమరీలు వరసగా, తర్వాత మెరుగు ముద్ద. ఎర్రగా ఉండే ఆ మెరుగు ముద్ద రాయికి అంటితే గీతల్లోకి దిగి చచ్చినా పోదు. పాత నగలా నల్లదనం కావాలంటే ఉడకబెట్టిన కోడిగుడ్డు నలిపి ఉంగరంతో పాటు కవర్లో మూసి పెట్టండి, దాంట్లోంచి వచ్చే గంధకం ఆవిరికి వెండి నల్లబడుతుంది. పైపైన రుద్దేస్తే పల్లాల్లో నలుపు మిగులుతుంది. వాసనకు ఇంట్లోవాళ్లు ఏమంటారో మీ ఇష్టం.

ఇప్పుడు రాయి. ముందు గూడులో జాకెట్ దారం అడ్డంగా వేసి దాని మీద రాయి పెట్టి చూడండి, ఇరుక్కుంటే దారం లాగితే బయటికి వస్తుంది. దారం లేకుండా పెట్టి, రాయి రాక, అర్ధరాత్రి దాకా ఉంగరాన్ని బల్లకేసి తట్టుకుంటూ కూర్చున్న టెన్షన్ నాది. రాయి లోతుకు పోతే అడుగున పాత ఏటీఎం కార్డు ముక్క కత్తిరించి వేయండి. రంపం పొట్టు వేస్తారు కొందరు, తేమకు అది ఉబ్బుతుంది. రాయి మీద టేపు అంటించి, మొద్దు కొన ఉన్న ఇత్తడి పుల్లతో గూడు అంచును లోపలికి నెట్టండి. ఒకవైపు నుంచి చుట్టూ నెట్టుకుంటూ పోతే ఆఖర్లో పట్టీ మిగిలి మడత పడుతుంది. గడియారంలో 12 దగ్గర కొంచెం, 6 దగ్గర కొంచెం, తర్వాత 3, 9, అలా ఎదురెదురుగా. రాయి కటకటమనడం ఆగిపోయాక నున్నటి ఉక్కు పుల్లతో అంచును ఒత్తి రుద్దితే అద్దంలా మెరుస్తుంది.

అడుగు రేకుకు రంధ్రం పెట్టి రాయి చర్మానికి తగిలేట్టు చేయమని అడుగుతారు, జాతకం రాళ్లకు అది అలవాటు. ఫిరోజాకు నేను చేయను. కింద నుంచి రోజంతా చెమట తాగుతుంది. అడిగినవాళ్లకు సంగతి చెప్పి, అయినా కావాలంటే వేరే చోట చేయించుకోమంటాను.

పెట్టుకున్నాక చింతపండు, నిమ్మకాయ, వంటసోడా, వెండి మెరుగు నీళ్లు ఏవీ తగలనీయొద్దు. వెండి నల్లబడితే పొడి గుడ్డతో అంచు మాత్రం తుడవండి. సెంటు, పౌడరు అన్నీ అయ్యాక ఆఖర్న పెట్టుకుని, ఇంటికి రాగానే మొదట తీసి, మెత్తటి సంచిలో విడిగా ఉంచండి. పచ్చబడిన రాయిని ఏదో ద్రావణంలో నానబెడితే మళ్లీ నీలం వస్తుందని వీడియోల్లో చూపిస్తారు, అది కూడా తాగుతుందని మర్చిపోకండి.

జేజికి రెండో ఉంగరం చేసిచ్చాను, ఈసారి గట్టిపరిచిన రాయితో, అడుగు మూసి. "ఆదివారం నూనె పెట్టుకునేటప్పుడు మాత్రం తీసి గూట్లో పెట్టు జేజీ" అన్నాను. వేలు అటూ ఇటూ తిప్పి చూసుకుని, "తీసి పెడితే ఇంగ అది నన్నెట్ల కాస్తుందిరా" అనింది.